లేని మాలి మోకాలి నొప్పి

ఆఫీసులో ఆయన్ని అందరూ మాలిగారనే పిలుస్తారు. పేరుకు మాలేగానీ, జన్మలో ఒక్క మొక్కకు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. బాల్కనీలో ఉన్న ఒక్కగానొక్క కుండీ బతికి ఉందంటే అది భార్య చలవే. అయినా ఆయన చేతికింద ఎకరాలకు ఎకరాలు పచ్చిక పెరిగింది. అదంతా కంప్యూటర్ తెర మీద లెండి. వీడియో గేముల కంపెనీలో గోల్ఫ్ మైదానాలు తయారుచేయడం ఆయన ఉద్యోగం. గోల్ఫ్ కర్ర మాత్రం చేత్తో ముట్టింది లేదు. ఒకసారి అసలు మైదానం ఎలా ఉంటుందో చూద్దామని వెళ్తే, సభ్యులు కానివాళ్లకు ప్రవేశం లేదని గేటు దగ్గరే ఆపేశారు. కంచె సందుల్లోంచి చూసి వచ్చి, "బంతి ఎటు పోతే ఎవడిక్కావాలే, ఆ ఇసుక గుంట అంచు ఎంత ఒద్దికగా కోశాడో!" అని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు.

ఆయన పద్ధతే వేరు. మిగతావాళ్లు ముందు నేల గీస్తారు, తర్వాత పచ్చరంగు పులుముతారు. ఈయన మాత్రం ఆ మైదానాన్ని చూసుకునే మాలి ఎలాంటివాడో ముందు తేల్చుకుంటాడు. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? పొద్దున్నే లేస్తాడా, బద్ధకస్తుడా? అది తేలాకే గడ్డి మొలవాలి. మాలిది ఎడమచేతి వాటమైతే ఇసుక చదునుచేసే దంతె గుంటకు ఎడమపక్కనే పడి ఉండాలి. బెంచీకి నీడపడే వైపే రంగు పోవాలి, ఎండలో ఎవడు కూర్చుంటాడు గనక? ఇలాంటివి ఆడేవాళ్లలో ఒక్కడైనా గమనించాడా అని అడగకండి. అడిగితే ఆయనకు కోపం వస్తుంది.

ఇప్పుడు చేస్తున్న మైదానానికి వచ్చిన మాలికి మోకాలి నొప్పి. గట్లు ఎక్కలేడు. అందుకని గట్ల మీద గడ్డి కోత పడక, మిగతాచోట్లకంటే గోరంత పొడుగుంటుంది. ఆ గోరంత కోసం ఆయన నెలల తరబడి కుర్చీకి అతుక్కుపోయాడు.

"లేనివాడికి మోకాలు నొప్పని మీకు అన్నం సయించదు. ఇక్కడ ఉన్నదాన్ని, నడుం పట్టేసిందంటే ఊఁ అని ఊరుకుంటారు," అంది భార్య.

"వాడికి ఎవరున్నారే, నేను తప్ప?"

ఆవిడ తల కొట్టుకుంది.

చిక్కంతా మేనేజరుతో వచ్చింది. ఆ గడ్డి బరువు మోయలేక మామూలు ఫోన్లలో ఆట మొరాయిస్తోందన్నాడు. ఆటల బరువు తగ్గించడానికి ఆఫీసులో ఒకావిడ ఉంది, అందరూ కత్తెరమ్మ అంటారు. ఆవిడ గట్లన్నీ గొరిగేసి, తేలికపాటి మైదానం ఒకటి సిద్ధం చేసింది. ఆ మాట వినగానే మాలిగారు కుర్చీలోంచి లేచాడు.

"గడ్డి తీస్తే నేనూ ఉండను! రెండూ పక్కపక్కన పెట్టండి. కళ్లున్నవాడెవడైనా తేడా చెప్తాడు. నా మైదానాన్ని నేనే గుర్తుపట్టలేకపోతే ఆ క్షణమే ఉద్యోగం మానేస్తా!"

ఆఫీసంతా విన్నది. ఇంటికొచ్చి ఈ సంగతి భార్యకు చెప్పాడు. "మానేసి ఏం చేస్తారండీ? మీ గడ్డి ఇంకెవరికి కావాలి?" అంది. నిజంగానే ఇంకెవరికీ అక్కర్లేదు. ఆ సంగతి ఆవిడకంటే ఆయనకే బాగా తెలుసు.

మర్నాడు మీటింగు గదిలో రెండు తెరలు పెట్టారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని అటోసారి, ఇటోసారి వంగి చూశాడు. కుడివైపు తెర దగ్గర ముఖం విప్పారింది.

"ఇదిగో! ఆ గట్టు చూడండి. పాపం, సగం ఎక్కి ఆగిపోయాడు. పైకి పోయేకొద్దీ గడ్డి ఎలా ఒత్తయిందో!"

"అవునండోయ్, ఇప్పుడు కనిపిస్తోంది," అన్నాడు అమ్మకాలు చూసేవాడు. ఇంకో ఇద్దరికి కూడా కనిపించింది. మేనేజరు కత్తెరమ్మ వంక చూశాడు. కత్తెరమ్మ బల్ల వంక చూసింది.

"సరే మాలిగారూ, మీరు చూపించిందే విడుదల చేద్దాం," అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం ఆయనకు కాళ్లు నేల మీద ఆనలేదు. భార్య నడుముకి మందు కూడా గుర్తుపెట్టుకుని తెచ్చాడు, అంత సంతోషం అన్నమాట.

తెల్లారి ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాడో లేదో, కత్తెరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"మాలిగారూ, కడుపులో దాచుకోలేకపోతున్నా. నిన్న మీరు చూపించింది నాదండీ."

"నీదేంటి?"

"ఆ తెర. అందులో గట్టు మీద గడ్డే లేదు. పచ్చరంగు పూశానంతే."

ఆయన నమ్మలేదు. కంప్యూటర్లో ఆ మైదానం తెరిచి, గట్టు దగ్గరకంటా వెళ్లి చూశాడు. అలికిన నేల్లా నున్నగా ఉంది. మరి సగం ఎక్కి ఆగిన మనిషిని నిన్న ఎక్కడ చూసినట్టు? చూశాడు, ఒట్టు. కళ్లారా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. మేనేజరు, కత్తెరమ్మ తప్ప ఎవరికీ తెలియదు, నోరు మూసుకుంటే గుట్టుగా గడిచిపోయేది. కానీ ఆఫీసంతా వినగా అన్న మాట ముల్లులా గుచ్చుతుంటే ఎవడు కూర్చోగలడు? భార్యకు ఫోన్ చేసి, "మానేస్తున్నానే," అని ముక్తసరిగా చెప్పి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"మాటన్నాను, ఓడిపోయాను. వెళ్తాను."

మేనేజరు ఫోన్‌లోంచి తలెత్తలేదు. "కూర్చోండి. ఎక్కడికెళ్తారు? తర్వాతి మైదానం ఎవరు చేస్తారు?"

"ఆవిడ చాలుగా. పచ్చరంగు పూయడానికి నేనెందుకు?"

"ఆవిడకి ఏం తీయాలో ఎలా తెలుస్తుందండీ? ముందు మీరు అన్నీ పెడితేనే కదా! మీరు లేకపోతే తీసేయడానికి మా దగ్గర ఏముంటుంది?"

అని, మేనేజరు అప్పుడే వచ్చిన కాల్ ఎత్తాడు.

ఆయన ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "మానేశారా?"

"మానేయనివ్వలేదే."

"ఎందుకట?"

ఆయన చెప్పులు విడిచి, లోపలికొచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నేను లేకపోతే వాళ్లకి తీసేయడానికి ఏమీ ఉండదట. అచ్చంగా ఇదే మాటన్నాడు."

భార్యకు నవ్వు తన్నుకొచ్చింది. వేళాకోళం నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అంత గర్వం ఆ ముఖంలో ఎప్పుడూ చూడలేదు. వచ్చిన మాట మింగేసింది.

"మంచి మాటే అన్నాడండీ," అంది.