ఎత్తని చెయ్యి

బంతి నా వేలికి తగిలింది.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేసినవాణ్ని. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ గడువులోగా రాసి ఇచ్చాను. ఇదొక్కటీ లోపలే ఉండిపోయింది, రోజురోజుకీ బరువెక్కుతూ. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

కుడిచేతి నడిమి వేలు, గోటి పక్కన. గాలి తాకినంత మెల్లగా. ఎల్బీనగర్‌లో మా చర్చి వెనకున్న ఖాళీ స్థలంలో, ఈస్టరు మర్నాడు జరిగే వాలీబాల్ పోటీలో, ఫైనల్ ఆఖరి సెట్‌లో. దిల్‌సుఖ్‌నగర్ చర్చి జట్టు పద్నాలుగు, మేము పదమూడు. వాళ్లకు ఒక్క పాయింటు చాలు. వాళ్ల కెప్టెన్ దేవదానం నెట్ మీదుగా బలంగా కొట్టాడు. ఆపడానికి నేను ఎగిరాను. బంతి నన్ను దాటి గీత బయట పడింది. ఎవరికీ తగలకుండా బయట పడితే పాయింటు మాది. నాకు తగిలి పడితే వాళ్లది, కప్పు కూడా వాళ్లదే.

మా పోటీకి ఒక నియమం ఉండేది. బంతి తగిలిందో లేదో రిఫరీ చెప్పడు. తగిలినవాడే చెయ్యెత్తాలి. దేవుని పిల్లల ఆటకు వేరే సాక్షి ఎందుకని ఆ నియమం పెట్టించింది నేనే. కరపత్రంలో రాసిందీ నేనే. ఆ రోజు అదే ఆటలో, అంతకు కాసేపటి ముందే, దేవదానం తనంతట తాను చెయ్యెత్తి మాకొక పాయింటు ఇచ్చాడు. ఎవరూ చూడలేదు. అయినా ఎత్తాడు.

నా చెయ్యి కూడా లేచింది. ఇది మీరు నమ్మాలి. భుజం దాకా లేచింది. అక్కణ్నుంచి నుదుటి మీదికి పోయి చెమట తుడుచుకుంది.

దేవదానం నెట్ దగ్గరికి వచ్చాడు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి పైపుల పని చేసుకునే మనిషి, నాకన్నా పదేళ్లు చిన్న.

“సారూ, తగిలింది గదా?”

“లేదు తమ్ముడూ.”

“జర యాద్ జేస్కోండ్రి సారూ. ఏలు కొసకు తాకింది. నేను జూసిన.”

“తగల్లేదంటున్నాగా.”

అతని జట్టులోవాడొకడు వెనక నుంచి అరిచాడు. “ఇడ్సిపెట్టు దానన్నా, పేపరాయన గదా! తాకిందో లేదో రేపు పేపర్ల ఏస్తడు తియ్!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేవదానం నవ్వలేదు. రిఫరీగా నిలబడ్డ మా పాస్టరుగారు, “ఆయన లేదన్నారు కదా నాయనా, ఇక ఆడండి” అన్నారు. తర్వాతి రెండు పాయింట్లూ మేమే గెలిచాం. కప్పు మాది. ఆట అయ్యాక అందరూ చేతులు కలిపారు. నేను చాచిన చేతిని దేవదానం ఒక్క క్షణం చూసి, వెళ్లిపోయాడు.

ఇంతటితో ఆగి ఉంటే చిన్న తప్పే అని సర్దిచెప్పుకునేవాణ్నేమో. అసలు తప్పు మర్నాడు చేశాను. కూర్చుని, తీరిగ్గా.

మా చర్చి మాసపత్రికలో ఆటల నుంచి నేర్చుకోవలసిన నీతి గురించి నెలకో వ్యాసం రాసేవాణ్ని. ఆ నెల, చెయ్యి కలపని ఆటగాడి గురించి రాశాను. ఓటమి ముందు తలవంచలేనివాడు దేవుని ముందు ఎలా వంచుతాడని అడిగాను. పేరు పెట్టలేదు. పేరు పెట్టకుండా మనిషిని చూపించడం నాకు వృత్తి నేర్పింది. ఎందుకు రాశాను? అతను ఇంకెవరితోనైనా చెప్పకముందే అతని మాటకు విలువ లేకుండా చేయాలనా? లేక అంత నీతిగా రాసినవాడు అబద్ధం ఆడి ఉండడని మొదట నాకు నేనే నచ్చజెప్పుకోవాలనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వ్యాసం బాగుందని చాలామంది మెచ్చుకున్నారు. నిజంగానే బాగా రాశాను.

దిల్‌సుఖ్‌నగర్ చర్చి పెద్దలు అది చదివి దేవదానాన్ని పిలిపించారు. సంఘం ముందు అతను నన్ను క్షమాపణ అడగాలన్నారు. తప్పు చెయ్యనిది ఎట్ల అడుగుతనన్నాడట. అడిగేదాకా ప్రభువు బల్లకు రావద్దన్నారు. మాలో అది పెద్ద శిక్ష. నెల మొదటి ఆదివారం అందరూ లేచి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ముందుకు వెళ్తుంటే, రెండు నెలలు అతను వెనక బెంచీలో ఒక్కడే కూర్చున్నాడట. మూడో నెల రాలేదు. ఆ తర్వాత ఏ చర్చికీ పోలేదని విన్నాను.

నేను మాత్రం మానలేదు. ప్రతి మొదటి ఆదివారం ఆ రొట్టె ముక్కను ఈ వేళ్లతోనే అందుకుంటున్నాను.

భార్య పోయాక నాగోల్‌లో ఒక్కణ్నే ఉంటున్నాను. ఆమెకూ చెప్పలేదు. పాస్టరుగారు లేరు. నాతో ఆడినవాళ్లు తలో దిక్కుకు పోయారు. ఆ ఒక్క పాయింటు సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. ఈ నగరంలో నేను మనసు విప్పి మాట్లాడాలనుకునే మనిషి ఒక్కడే ఉన్నాడు, అతనితోనే మాట్లాడలేను.

చైతన్యపురిలో హాస్టళ్ల మధ్య సందులో అతనికి కుళాయిల దుకాణం ఉంది. పోయినేడు మెట్రో దిగి నడుచుకుంటూ వెళ్లాను, చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుని. అతని జుట్టు నెరిసింది. “ఏం గావాలె సారూ?” అన్నాడు. నన్ను గుర్తుపట్టి అన్నాడో, అందరినీ అలాగే అంటాడో తెలియలేదు. నేను కుళాయి అడిగాను. ఇచ్చాడు. గోడ మీద సిలువ ఉందేమోనని చూశాను. గోడంతా పైపులే. ఆ కుళాయి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

బంతి నా వేలికి తగిలింది. దేవదానం చెప్పింది నిజం. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది, అంతే.

ఆ వ్యాసాన్ని ఆ తర్వాత, వేసవి సెలవుల్లో పిల్లలకు చెప్పే బైబిలు పాఠాల పుస్తకంలో చేర్చారు. మొన్న మే నెలలో కూడా పిల్లల చేత చదివించారు. అది ఏడో పాఠం. కింద నా పేరుంది. తీసేయమని నేనింకా చెప్పలేదు.