రూతు టీచరుగారు ముట్టని మజ్జిగ

మా అమ్మమ్మని ఊరంతా రూతు టీచరుగారంటారు. కాట్రేనికోన దగ్గర కాలవగట్టు మీది సర్కారు బడి ఆమెది. అక్కడ అయిదో తరగతి పిల్లలు తడుముకోకుండా పేపరు చదివేస్తారు. అయితే ఏం లాభం? ప్రైవేటు బడిలోలా మెడకి టై ఉండదు, ఇంటి ముందుకి పసుపుపచ్చ వ్యాను రాదు. అందుకే ఏటేటా పిల్లలు తగ్గిపోయారు. ఈసారి ఒకటో తరగతిలో కొత్తవాళ్ళు చేరకపోతే బడిని పక్కూరి బడిలో కలిపేస్తామని మండల విద్యాధికారి చెప్పేశారు. రేపో మాపో రిటైరవుతూ, తన బడికి తనే తాళం వెయ్యడమంటే అమ్మమ్మకి ప్రాణం పోయినంత పని.

ఎండల్లో గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో కుర్చీ వేశారు, మజ్జిగిచ్చారు, పిల్లల్ని పంపమంటే "ఆయ్, అలాగేనండి" అన్నారు. కడుపు నిండా మజ్జిగతో, కళ్ళ నిండా కొత్త పిల్లలతో ఇంటికొచ్చింది.

బడి తెరిచిననాడు గుమ్మానికి మామిడాకులు కట్టి నిలబడింది. వ్యాను వచ్చింది. ఆయ్ అన్న ఇళ్ళ పిల్లలంతా అందులోనే ఉన్నారు. టీచరుగారికి మర్యాదగా టాటా చెప్పి మరీ వెళ్ళారు.

"మనవాళ్ళు మొహమ్మీద కాదనలేక ఆయ్ అంటారని తెలీదేంటి నీకు?" అన్నాడు తాతయ్య యాకోబు. "మొన్న సొరపాదుకి పందిరెయ్యమన్నావు. ఆయ్ అన్నాను. వేశానా?"

అమ్మమ్మ ఆ సాయంత్రమే, అలా ఆయ్ అన్న బుల్లెమ్మ ఇంటికి వెళ్ళింది. బుల్లెమ్మా, మొగుడూ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తారు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ మజ్జిగ. అమ్మమ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"పిల్లాణ్ణి పంపనని ఒక్కమాట చెప్పమ్మా. తాగేసి వెళ్ళిపోతాను."

బుల్లెమ్మ ఇరుక్కుపోయింది. ఇంటికొచ్చిన మనిషిని కాదనడం ఆమెకి రాదు. గొంతు తడపకుండా పంపడం అసలే రాదు. గ్లాసుకేసి చూసింది, గోడ మీద కోడికేసి చూసింది, చివరికి నిజం చెప్పేసింది.

"మీ చదువుకి వంక పెట్టట్లేదండీ. పొద్దున్న ఏడింటికల్లా మేం షెడ్డుకెళ్ళిపోవాలండి. మీ గంట కొట్టేలోగా పిల్లోడు కాలవలో దిగితేనండి? వ్యానయితే మేం ఉండగానే గుమ్మంలోకొచ్చి ఎక్కించుకుపోద్దండి."

అమ్మమ్మ గ్లాసెత్తి గటగటా తాగేసింది.

"రేపట్నించి నేనే వ్యాను. హారన్ మాత్రం కొట్టను."

మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ కొడుకు అభిషేక్ ఆమె చెయ్యి పట్టుకుని నడిచాడు. అది చూసి షెడ్డుకెళ్ళే మిగతా తల్లులూ ఒక్కొక్కరే తమ పిల్లల్ని అప్పజెప్పారు. గంట కొట్టేదాకా బడి వరండాలో వాళ్ళకి కాపలా తాతయ్యే. కాపలా అంటే, వాళ్ళు మీసం లాగుతుంటే ఆయన కూర్చుని ఉండడం.

కొన్నాళ్ళకి మండల విద్యాధికారి మోటారు సైకిలు మీద కాలవగట్టున ఎదురయ్యారు. అమ్మమ్మ వెనక సాగిన పిల్లల వరసని చివరిదాకా చూశారు.

"మీ బడిని కలపక్కర్లేదు లెండి టీచరుగారూ" అన్నారు.

నమస్కారం పెడదామంటే అమ్మమ్మ రెండు చేతులూ పిల్లల చేతుల్లో ఉన్నాయి. అందుకని నవ్వి, "బండి కాస్త పక్కకి తియ్యండి సార్, వెనక చిన్నోడు చెప్పు జారిపోయి ఏడుస్తున్నాడు" అంది.