బల్ల మీది తెల్ల మరక

తొమ్మిదేళ్ల క్రితం మా తమ్ముడు నా టేకు రాతబల్ల మీద వేడివేడి పప్పుగిన్నె దించాడు. తెల్లటి మరక పడింది. "సదువు రానోనికి బల్లకు, పొయ్యిగడ్డకు ఫరక్ ఏం తెలుస్తది?" అన్నాను. వాడు తన ఊరు వీపనగండ్ల వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. వాడి కాలు విరిగిందని విన్నా నేను వెళ్లలేదు. వచ్చినవారందరికీ మాత్రం ఆ మరకను సాక్ష్యంగా చూపించాను.

ఈ రోజు గ్రంథాలయం నుంచి వచ్చేసరికి మరక లేదు.

"నూలుగుడ్డ పరిచి జర ఇస్త్రీపెట్టె తిప్పిన మామా, ఐదు నిమిషాలల్ల పోయింది" అంది కోడలు. "గింత దానికేనా చిన్నమామతోని తొమ్మిదేండ్లు మాటలు బంద్ వెట్టింది?"

బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచాను. పరధ్యానంగా వేడి టీ గ్లాసు అక్కడే పెట్టాను. తీసి చూస్తే తెల్లటి గుండ్రం.

కోడలు ఇంకా చూడలేదు. ఇస్త్రీపెట్టె అడగనా, తమ్ముడికి ఫోన్ చేయనా? మీరైతే ముందు ఏం చేస్తారు?