ఫుట్‌బాల్‌కు కొట్టిన తప్పెట

మా ఫ్యాక్టరీ జట్టు గోల్ కొడితే చప్పట్లు వినిపించేవి. చప్పట్లంటే చప్పట్లే, ఇంకేమీ కాదు. ఆఫీసరు రిటైరయ్యే రోజు హాల్లో కొడతారు చూడండి, అవి. ఆడేది చూస్తే దేశమంతా పేపర్లో పడే లీగు. జీతాలిచ్చి పెట్టుకున్న ఆటగాళ్ళు. ఎదురుగా కలకత్తా నుంచో గోవా నుంచో వచ్చిన పెద్ద జట్టు. మావాళ్ళేమో షిఫ్టు దిగి యూనిఫాం చొక్కాలతోనే వచ్చి, పేపరు పరుచుకుని కూర్చుని, శనక్కాయలు ఒలుచుకునేవాళ్ళు. గోల్ పడినా గోల ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. బెంగళూరులో ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని చేసేవాణ్ణి. మాది అనంతపురం జిల్లాలో బెళుగుప్ప దిక్కు ఒక పల్లె. వరసగా వానలు ఎగ్గొట్టి, వేరుశనగ చెట్టు పెరికితే మన్ను తప్ప కాయ రాని ఏడు ఊరు విడిచి వచ్చాను. మ్యాచ్ ఉన్న రోజు క్యాంటీన్ వాళ్ళను కూడా పెందలాడే వదిలేవారు. మా మీద ప్రేమతో కాదు, స్టాండు ఖాళీగా కనబడితే కంపెనీకి నామోషీ అని. అలా ఉచితంగా ఫుట్‌బాల్ చూడ్డం అలవాటైంది. ఆట మొదట్లో ఏమీ తెలిసేది కాదు. జనాన్ని చూడ్డమే నాకు సరదా.

కలకత్తా జట్టు వచ్చిందంటే ఎదుటి స్టాండు చూడాలి. బెంగళూరులో బంగారం పని చేసే బెంగాలీ వాళ్ళు, కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు, ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడికి చేరేవాళ్ళు. ఆట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఒక్కడూ కూర్చునేవాడు కాదు. బంతి ఎటు పోతే జనమంతా అటు వాలేవాళ్ళు. రిఫరీ విజిల్ వేస్తే అందరూ ఒకే తిట్టు, ఒకే గొంతుతో. వాళ్ళలో ఒకడు మెడకు పెద్ద డోలు వేలాడేసుకుని వచ్చేవాడు. వాడు డోలు కొడితే మా స్టాండులో సిమెంటు మెట్ల మీద కూర్చున్న మాకు కాళ్ళ కింద అదిరేది. మా గోల్‌కీపరు ఒక్కోసారి ఆ డోలుకే బెదిరి బంతి వదిలేస్తున్నాడని మా యూనియన్ లీడరు గట్టిగా నమ్మాడు. ఆయన కన్నడాయన, వయసులో పెద్ద, మంచిమనిషి, జట్టు ఓడితే అన్నం మానేసే రకం. ఒకరోజు క్యాంటీన్‌లో ప్లేటు ముందు పెట్టుకుని, మనకూ ఒక డోలు కొట్టే మనిషి దొరికితే బాగుణ్ణు అన్నాడు. సాంబారు వడ్డిస్తున్న నేను ఊరుకోవచ్చు కదా. మా నాయన తప్పెట కొడితే మీ స్టాండు కప్పు లేచిపోతుంది అనేశాను. నా నోరు ఎప్పుడూ అంతే.

నాయన అప్పటికి కొన్నేళ్ళుగా తప్పెట ముట్టలేదు.

మేం మాదిగలం. తప్పెట మా ఇంటిది. ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, ఊరమ్మ జాతర అయినా నాయనే కొట్టాలి. ఆ జాతరను మా దిక్కు దేవర అంటారు. మామూలుగా నాయన ముఖంలో నవ్వు కనబడేది కాదు. మెడకు తప్పెట తగిలించుకుంటే మాత్రం పళ్ళు బయటపడేవి, నడుము దానంతటదే ఊగేది. ఒక దేవరకు పొద్దు పొడిచినప్పటి నుంచి ఎండలో కొట్టి కొట్టి, సాయంత్రం టీ తాగుదామని ఊళ్ళో హోటల్‌కు పోయాడు. అక్కడ బల్ల మీద ఉండే గ్లాసులు ఊరివాళ్ళవి. మావి చూరులో చెక్కి ఉండేవి. తీసుకోవాలి, తాగాలి, కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. ఆ రోజు చూరులో గ్లాసుకు అంచు పగిలి ఉంది. బల్ల మీది గ్లాసులో పోయమని నాయన మర్యాదగానే అడిగాడు. హోటల్‌ ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. అంతవరకూ నాయన తప్పెటకు చిందులేసిన పెద్దమనుషులు అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఒక్కడూ తల ఎత్తలేదు. అందరూ ఎవరి టీలోకి వాళ్ళు చూసుకున్నారు.

నాయన ఇంటికొచ్చి తప్పెట కొయ్యకు తగిలించి, ఇంక కొట్టను అన్నాడు. అంతే, కొట్టలేదు. ఊరి పెద్దలు బెదిరించారు, బతిమాలారు, కూలికి పిలవడం మానేశారు. సొంత తమ్ముడి కూతురి పెళ్ళికి కూడా ఆ కొయ్య వైపు చూడలేదు. నాకు అది గర్వంగానే ఉండేది. కానీ తప్పెటతో పాటు నాయన మాట కూడా మానేశాడు, అదీ నా బాధ. తిన్నావా అంటే ఊఁ, పోతాండావా అంటే ఊఁ. ఆ నవ్వు నేను మళ్ళీ చూడాలి. యూనియన్ లీడరు ముందు నోరు జారానని అంటున్నాను గానీ, లోపల ఉన్నదే బయటికొచ్చింది.

ఊరికి పోయి విషయం చెప్పాను. ఫుట్‌బాల్ ఏంది, దానికి తప్పెట ఏంది అన్నట్టు చూసి నాయన బయటికి పోయాడు. మా అమ్మ మాత్రం వెంటనే లేచింది. కొయ్య మీది తప్పెట దించి, దుమ్ము దులిపి, యూరియా సంచిలో వేసి మూతి కట్టింది. ఈడ ఉంటే ఎలకలు కొరుకుతాయి, తీసకపో, ఈయన్ను కూడా తీసకపో, నాలుగు దినాలు నాకు ఆ మూతి ముడుపు చూసే బాధ తప్పుతుంది అంది. అమ్మ చెప్పాక ఇంట్లో ఎదురు లేదు. బస్సులో నాయన కిటికీ వైపు తిరిగి కూర్చుని ఒకే మాట అన్నాడు, ఆట సూస్తా, కొట్టను అని. సరే అన్నాను. సంచి నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

మ్యాచ్ మధ్యాహ్నం. ఆ రోజు కలకత్తా జట్టే. గేటు దగ్గర జనం, పోలీసుల లాఠీలు, విజిళ్ళు అమ్మేవాళ్ళు, కాగితం పొట్లాల్లో శనక్కాయలు. మా చేలో పండని కాయ ఇక్కడ ఇంత లావున ఉందే అని నాయన ఒకటి చిదిమి చూశాడు. లోపలికి పోయాక అందరికంటే కింది మెట్టు వెతుక్కుని, ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. వెనకాల ఫిట్టరు ఒకడు, ఈ పెద్దాయనకు అక్కడ ఏం కనిపిస్తుంది అంటూ, చంకల కింద చేతులేసి లేపి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాసేపటికి వాడే ఆట చూడ్డానికి నాయన భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. వేసిన చెయ్యి తియ్యడం మర్చిపోయి, నాయన భుజం మీదే పెట్టుకుని రిఫరీని తిట్టాడు. నాయన ఆ చేతి వైపు ఒకటి రెండుసార్లు చూశాడు.

కలకత్తా వాళ్ళు ఒక గోల్ కొట్టారు. ఎదుటి స్టాండులో చింపిన పేపరు ముక్కలు పైకి లేచాయి, డోలు మోగింది, మావాళ్ళు తలలు దించుకుని శనక్కాయ పొట్టు దులుపుకున్నారు. అప్పుడు నాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ డోలు కొట్టేవాడు బాగా కొడతాండాడు. కాకపోతే తొందర ఎక్కువ."

చాలాకాలానికి అంత పొడుగు మాట అది. నేను బదులు చెప్పలేదు, చెబితే మళ్ళీ ఎక్కడ ముడుచుకుంటాడో అని. ఆయన వేళ్ళు మాత్రం మోకాలి మీద ఆడుతున్నాయి. నేను చూశాను.

హాఫ్ టైమ్‌కు తుంపర మొదలైంది. యూనియన్ లీడరు వచ్చి నాయన ముందు చేతులు జోడించాడు. ఆయనకు మా కథలేమీ తెలియవు. ఒక్క పది నిమిషాలు కొట్టు పెద్దాయనా, పిల్లలు చచ్చుబడిపోయారు అని కన్నడంలో అన్నాడు. నాయనకు చేతులు జోడించిన పెద్దమనిషిని నేను అదివరకు చూడలేదు. నాయన ఉలిక్కిపడి సంచి విప్పాడు. తప్పెట మీద వేలితో కొడితే బొదబొదమంది. చెమ్మకు తోలు వదులైపోయింది. కాచకుండా మోగదు, ఈడ గడ్డి యాడ, నిప్పు యాడ అంటూ మళ్ళీ సంచిలో పెట్టబోయాడు. తప్పించుకోవడానికి దారి దొరికిందని మొహంలోనే తెలుస్తోంది. నేను మెట్ల మీదే పాత పేపర్లు పోగేసి అగ్గిపుల్ల గీయబోతే పోలీసు లాఠీ చూపించాడు.

స్టాండు కింద ఒక మలయాళీ పంపు స్టవ్వు పెట్టుకుని టీ అమ్ముతున్నాడు. తప్పెట చంకన పెట్టుకుని అక్కడికి నడిచాను. నాయన నా వెనకే వచ్చాడు గానీ, బండి నాలుగడుగులు ఉందనగా ఆగిపోయాడు. అలవాటు. నేను పోయి తోలు కాచుకోవాలని అడిగాను. టీ ఆయన తప్పెట వంక చూశాడు, కెటిలు దించి పక్కన పెట్టాడు, రండి అన్నట్టు చెయ్యి ఊపాడు. టీకి వాసన పట్టకుండా చూసుకోండి, అంతే అన్నాడు.

నాయన కదల్లేదు.

"మనమెవరో సెప్పినావా వానికి?"

"సెప్పలేదు నాయనా. వాడు అడగలేదు."

నాయన మెల్లగా వచ్చి తప్పెట తీసుకున్నాడు. మంటకు కొంచెం ఎడంగా పట్టి, తిప్పుతూ, వేలితో తడుతూ కాచాడు. ఈలోగా టీ ఆయన మా ఇద్దరికీ టీ పోశాడు, పోలీసుకు ఇచ్చిన గ్లాసుల్లాంటి వాటిలోనే. నాయన తాగాడు. తాగి, కడగడానికి నీళ్ళ కోసం చుట్టూ చూశాడు. టీ ఆయన నాయన చేతిలోంచి గ్లాసు లాక్కుని, అందరివీ ముంచే బకెట్లోనే ముంచి, ఇంకొకరికి పోసి ఇచ్చేశాడు. ఆయనకు తీరిక లేదు, జనం మీద పడుతున్నారు. నాయన మాత్రం ఆ గ్లాసు పోయిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆట మళ్ళీ మొదలైంది. ఏ దెబ్బ కొట్టాలన్నది ఇంకో తంటా. దేవర దెబ్బ కొట్టకూడదన్నాడు నాయన, ఇంతమందిలో ఎవరి మీదికైనా అమ్మ వస్తే ఎవరు దించాల అని. పెళ్ళి దెబ్బ మరీ నిదానం. ఇంక మిగిలింది చావు దెబ్బ, శవాన్ని మోసుకుపోయేటప్పుడు కొట్టేది. అన్నిటికంటే దానికే ఊపు ఎక్కువ. నాయన లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, అదే ఎత్తుకున్నాడు.

మొదట ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత ఫిట్టరు లేచాడు. అప్రెంటిస్ పిల్లలు లేచారు. వాళ్ళ వెనకాల కూర్చున్నవాళ్ళకు ఆట కనబడక వాళ్ళూ లేచారు. స్టాండంతా నిలబడింది. యూనిఫాం చొక్కాలు విప్పి తలమీద తిప్పారు. యూనియన్ లీడరు పంచె ఎగ్గట్టి ఎగిరాడు. ఎన్నాళ్ళ నుంచి చేతులు కట్టుకుని చూసిన జనమో, అరవడం మొదలుపెట్టాక ఆపడం మర్చిపోయారు. చావు దెబ్బకు బెంగళూరు వాళ్ళు పెళ్ళివారిలా చిందులేస్తుంటే నేను నవ్వాలా వద్దా అని చూస్తున్నాను. అంతలో పై మెట్ల నుంచి మా ఫ్యాక్టరీ వాచ్‌మన్ దిగి వచ్చాడు. ఆయనది మా జిల్లాలోనే సోమందేపల్లె. నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని ఉన్నాడు.

"ఏమప్పా, ఎవరు సచ్చినారు?"

నాయన చెయ్యి ఆపకుండానే ఎదుటి స్టాండు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఇంకా సావలే. సచ్చేట్టుండారు."

పళ్ళు బయటపడ్డాయి. ఆ నవ్వే. నేను చూశాను.

అవతలి డోలు ఊరుకుంటుందా? ఇటు తప్పెట ఒక దెబ్బ కొడితే అటు డోలు బదులిచ్చేది. వాడు ఆపితే ఈయన, ఈయన ఆపితే వాడు. మధ్యలో గ్రౌండు, అందులో ఇరవై రెండు మంది బంతి వెంట పరుగులు. మావాళ్ళు సమం చేసినప్పుడు లేచిన అరుపుకు నాయన భయపడి ఒక క్షణం చెయ్యి ఆపేశాడు. ఫిట్టరు ఆయన్ను తప్పెటతో సహా ఎత్తి తిప్పాడు. చివర్లో మాత్రం కలకత్తా వాళ్ళు ఇంకొకటి కొట్టి గెలిచారు. మా జట్టు అంతే, ఎన్ని తప్పెట్లు కొట్టినా దాని ఆట దానిదే. అయినా జనం ఇళ్ళకు పోలేదు. తప్పెట వెంట బస్టాపు దాకా ఎగురుతూ వచ్చారు. వచ్చే మ్యాచ్‌కు రావాలని లీడరు నాయన చెయ్యి వదల్లేదు.

బస్సులో నాయన తప్పెట ఒళ్ళో పెట్టుకున్నాడు, సంచిలో వెయ్యనివ్వలేదు. చాలాసేపటికి, ఆ డోలోడు కూడా మనోడే అయ్యుంటాడులే అన్నాడు.

ఈ సంగతి మా ఊరికి మాకంటే ముందే చేరింది. సోమందేపల్లె వాచ్‌మన్ పుణ్యమో ఏమో. దేవర దగ్గర పడుతోంది. నేను ఊళ్ళో ఉన్నప్పుడే ఒక పొద్దున ఊరి పెద్ద మా గేరికి నడుచుకుంటూ వచ్చాడు. ఆ వీధిలోకి ఆయన రావడమే పెద్ద విశేషం. గుమ్మం బయటే నిలబడి, ఫుట్‌బాల్ ఆటకు కొట్టినోడివి ఊరమ్మకు కొట్టవా, ఆమె కన్నా ఆ బంతి గొప్పదా అని అడిగాడు. అమ్మ పని ఆపి చూస్తోంది. నాయన ఏమంటాడోనని నేను గుమ్మంలోకి వచ్చాను.

నాయన తడుముకోలేదు. మాట ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నట్టుంది.

"కొడతా సామీ. హోటల్ పొయ్యి మీద తప్పెట కాంచుకోనిస్తే కొడతా."

ఊరి పెద్ద కండువా సర్దుకున్నాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ ఏడు దేవరకు రాయదుర్గం నుంచి బ్యాండు తెప్పించారు. ఆ రోజు మేం ఊళ్ళో లేం. బెంగళూరులో మ్యాచ్ ఉంది.