ఆసియాకు ముందు నాలుగో జరం

ఆసియా అంతా తిరగడానికి పోతున్నామని సాదలిలో మా అత్తామామలకు చెప్పిన రోజు, మామ "మరి ఇప్పుడు మనముండేది యాడ?" అని అడిగాడు. ఆసియాలోనే అని మా ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. "అట్లయితే సగం తిరిగేసినట్లే గదప్పా," అని మామ మల్బరీ తోటకు నీళ్లు కట్టడానికి లేచిపోయాడు. ఆయన వరకు చర్చ ముగిసింది.

అత్తతో అంత సులభంగా ముగియలేదు. ఆమె అడిగింది ఒకటే, ఎప్పుడు తిరిగొస్తారని. తెలియదన్నాము. నిజంగానే తెలియదు. బ్యాంకాక్‌కు పోయే టికెట్టు మాత్రం తీసుకుని, అక్కడినుంచి బస్సు దొరికితే బస్సు, పడవ దొరికితే పడవ ఎక్కి, ఓపిక ఉన్నంతకాలం పోతూ ఉండాలన్నది మా ఆలోచన. దాన్ని ఆలోచన అనడం కూడా అత్తకు నచ్చలేదు. తిరిగొచ్చే రోజు చెప్పని ప్రయాణంలో ఏదో దాపరికం ఉందనిపించింది ఆమెకు. ఉగాదికా, దసరాకా, పాపను బడిలో చేర్చే లోపలా అని ఒక్కొక్కటే అడిగి చూసింది. చివరకు కొడుకును పక్కకు పిలిచి, ఆఫీసులో ఏమన్నా గొడవైందా అని మెల్లగా విచారించింది.

అందరూ ఇది మా ఆయన పిచ్చి అనుకున్నారు. కాదు, నాది. నేను చింతామణిలో పుట్టి పెరిగాను. మా నాయనది టమోటా మండీ. బడికి పోయే దారిలో లోడుకు నిలబడిన లారీల మీది ఊళ్ల పేర్లు చదువుకుంటూ పోయేదాన్ని. ఆ లారీల వెనకే ఎప్పుడో ఒకసారి పోవాలని అప్పటినుంచీ ఉంది. అయితే నాకు భయం ఎక్కువ. చిక్కబళ్లాపురంలో మేముండే ఇంటికి తాళం వేసి బస్టాండు దాకా పోయి, గ్యాస్ కట్టేశానా లేదా అని వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. పాప తుమ్మితే ఆ తుమ్ము పొడిదా తడిదా అని ఆలోచిస్తాను. నాలాంటి వాళ్లకు ఇలాంటి కోరిక ఎందుకు పుట్టిందో నాకూ అర్థం కాదు.

పాపకు నాలుగేళ్లు. గొడవంతా అక్కడే వచ్చింది. మీరు యాడికన్నా పోండి, పిల్లను మాత్రం నాకిచ్చి పోండి అంది అత్త. ఊరుగాని ఊళ్లో నీళ్లు పడవు, తిండి పడదు, ఏమన్నా అయితే ఎవరినడగాలో తెలియదు అంది. ఆమె చెప్పిన భయాలన్నీ నావే కాబట్టి నేను ఎదురు చెప్పలేకపోయాను. మొదటి కొన్ని నెలలు పాప సాదలిలో ఉంటే మంచిదే గదా అన్నాడు మా ఆయన. సరే అన్నాను గానీ నాలో ఏదీ సరే అనలేదు. ఆయన నెలాఖరులోగా ఆఫీసులో పొడుగాటి సెలవుకు చెప్పాలి. పాపను వదిలి నేను ఉండగలనో లేదో ఆలోగా తేలాలి. ఉండలేకపోతే ఆసియా లేదు.

అందుకని ఒక రిహార్సల్ పెట్టుకున్నాం. పాపను అత్త దగ్గర వదిలి, మేమిద్దరం బ్యాగులు వీపుకు తగిలించుకుని మన తాలూకాల్లోనే తిరగాలి. ఎక్కడికీ ముందుగా చెప్పకూడదు. వచ్చిన బస్సు ఎక్కాలి, చీకటి పడినచోట పడుకోవాలి, ఎప్పుడు వెనక్కి రావాలో అనుకోకూడదు. ఫోన్లు చేయకూడదు, సాయంత్రం ఒక మెసేజ్ మాత్రమే. ఈ నియమాలన్నీ మా ఆయన పెట్టాడు. నేను బ్యాగు సర్దాను. అందులో థర్మామీటరు, మూడు రకాల జ్వరం మందులు, చిన్న రైస్ కుక్కరు, మామిడికాయ ఊరగాయ, ఒక టార్చి, ఆ టార్చి పనిచేయకపోతే ఇంకొక టార్చి ఉన్నాయి. మా ఆయన బ్యాగు ఎత్తి చూసి, మనం పోయేది బాగేపల్లి వైపు, చంద్రుని వైపు కాదు అన్నాడు.

బాగేపల్లిలో దిగితే చాకవేలు బస్సు నిలబడి ఉంది. అదే ఎక్కాం. మా ఇద్దరికీ అక్కడ ఎవరూ బంధువులు లేరు, అది గొప్ప సౌకర్యం అనుకున్నాం. అది సౌకర్యం కాదని దిగిన వెంటనే తెలిసింది. అంత పెద్ద బ్యాగులతో ఎవరింటికీ రాని మనుషులను ఏం చేయాలో ఊరికి తోచలేదు. అంగడి ముందర అరుగు మీద కూర్చుంటే ముగ్గురు ఆడవాళ్లు వచ్చి మా బ్యాగుల ఎదురుగా కూర్చున్నారు. బ్యాగులనే చూస్తున్నారు. చాలాసేపటికి వాళ్లలో ఒకామె, "తియ్యమ్మా, చూస్తాము. చీరలా, గిన్నెలా?" అంది. అమ్మడానికి రాలేదంటే నిరాశపడి లేచి వెళ్లిపోయారు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి కన్నడంలో, మీది ఏ ఇలాఖా అని అడిగాడు. ప్రభుత్వంవాళ్లం కాము అని మా ఆయన తెలుగులో చెప్పాడు. ఆయన నమ్మలేదు. తమ వీధి కుళాయికి నీళ్లు రావడం లేదని, అది రాసుకోమని అరగంట సేపు వివరించాడు. మా ఆయన చివరకు ఫోన్లో రాసుకున్నాడు.

చీకటి పడేవేళకు ఒక అవ్వ మమ్మల్ని పిలిచింది. మంచినీళ్లిచ్చి, నా మెడలో తాళి చూసి, ఎవరూ వినకుండా, "ఇంట్లో చెప్పే వచ్చినారా, అమ్మా?" అని అడిగింది. చెప్పే వచ్చామన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఎవురికీ చెప్పనులే. పెద్దోళ్ల కోపం ఎన్నాళ్లుంటాది? ఒక బిడ్డ పుడితే అందరూ వాళ్లే వస్తారు," అని ఓదార్చింది. మాకు బిడ్డ ఉంది అవ్వా అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలింది. "ఉండాదా? మరి యాడ పెట్టి వచ్చినావు?"

అత్త దగ్గర అని చెప్పాను. మంచిదేలే అంది గానీ, సంగటి వడ్డించేటప్పుడు కూడా నా వైపు ఒకలాగా చూసింది. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాం. నిద్ర పట్టిందో లేదో నేను చెప్పనవసరం లేదు.

పొద్దున మా ఆయన కుళాయి పెద్దాయనతో టీ తాగడానికి పోయాడు. నేను వాళ్ల పశువుల కొట్టం వెనక్కు పోయి అత్తకు ఫోన్ చేశాను. సిగ్నల్ సరిగా లేదు. అత్త మాట దూరంగా, గరగరమంటూ వినిపించింది.

"అత్తా, ఎట్లుండాది?" అన్నాను.

"నాలుగో జరంలో ఉండాది," అంది.

"నాలుగోదా?"

"ఆ. ముందర మూడూ బాగానే దాటింది. ఈ నాలుగోదే భయం. నిన్న సాయంత్రం నుంచి ఏమీ ముట్టలేదు. తల పైకెత్తుకొని అట్లే ఉండాది, కదిలేదే లేదు."

"ఎవురికన్నా చూపించినారా?"

"ఎవురికి చూపించేది? మామూలుగా వచ్చేదే గదా. పైనంతా సున్నం చల్లి కిటికీలన్నీ తీసిపెట్టినా. లేస్తే లేస్తాది, లేకుంటే..."

అక్కడ ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

నేను ఎలా పరిగెత్తానో గుర్తులేదు. టీ అంగడి దగ్గర మా ఆయనను చూసి, పాపకు జరం అని మాత్రం అన్నాను. ఆయన గ్లాసు అక్కడే పెట్టి బ్యాగులు తెచ్చాడు. పెద్దాయన మా కోసం బస్సుకు అడ్డంగా చెయ్యి ఊపి ఆపించాడు.

బస్సు మిట్టేమరి వైపు పోతుండగా ఒక్కొక్క మాటా బయటికి వచ్చింది. ఇది నాలుగోసారి అంట, మూడుసార్లు వచ్చినా మనకు చెప్పలేదు అన్నాను. ఆయన పళ్లు బిగబట్టాడు. నిన్నటినుంచి ఏమీ తినలేదంట అన్నాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. తల పైకెత్తుకుని కదలకుండా ఉందంట అన్నప్పుడు, ఆయన ఏదో అడగబోయి ఆగాడు. చివరకు ఏడుపు ఆపుకోలేక, "ఒంటి మీదంతా సున్నం చల్లిందంట మీ అమ్మ," అన్నాను.

ఆయన చెయ్యి తీసేసి కిటికీ వైపు తిరిగాడు. భుజాలు అదురుతున్నాయి. పెళ్లయినప్పటినుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు. ఏడవద్దు, ఏమీ కాదు అని వీపు నిమిరాను. ఆయన ఇటు తిరిగేసరికి కళ్లలో నీళ్లున్నాయి, కానీ అవి ఏడుపు నీళ్లు కావు.

"అది పురుగు," అన్నాడు. మాట సరిగా రాలేదు. "పురుక్కి జరం."

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచి మళ్లీ మేతకు లేస్తుంది. మా అత్తవాళ్ల వైపు దాన్ని జరమంటారు. చెమ్మ లేకుండా పైన సున్నప్పొడి చల్లుతారు. పెళ్లై ఇన్నేళ్లైనా నాకు ఇది తెలియకపోవడానికి కారణం కూడా నా భయమే. నా వల్ల పురుగులకు ఏ జబ్బన్నా అంటుకుంటుందేమోనని అత్తవాళ్లు పట్టుపురుగులు పెంచే ఆ పురుగులింటి గడప నేను ఎప్పుడూ దాటలేదు. ఇక తప్పు నాదా, మన భాషదా అని తర్వాత చాలా ఆలోచించాను. మాకు కొడుకు పుట్టి ఉంటే ఈ గొడవే లేదు. ఎట్లుండాడు అని అడిగేదాన్ని, అత్తకు వెంటనే తెలిసేది. తెలుగులో ఆడపిల్ల కూడా ఉండాది, పురుగు కూడా ఉండాది. రెండూ తింటాది, రెండూ లేస్తాది.

ఇదంతా బస్సులోనే అర్థమైంది కాబట్టి దిగి మళ్లీ చాకవేలు పోదాం, రిహార్సల్ సాగిద్దాం అన్నాడు మా ఆయన. నేను దిగలేదు. పురుక్కి జరమే కావచ్చు, అయితే పాప ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు గదా అన్నాను.

సాదలిలో ఇంటి ముందర దిగేసరికి పాప పురుగులింటి గడప మీద గొంతుక్కూర్చుని ఉంది. పరిగెత్తిపోయి నుదురు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పాప నా చెయ్యి తోసేసి, నోటి మీద వేలు పెట్టుకుని, "అరవద్దమ్మా. జరంలో ఉండాది," అంది.

సంగతి తెలిసి మామ నవ్వాడు. అత్త నవ్వలేదు. ఫోన్లో నన్ను తన అన్న కూతురనుకుందట. వాళ్లింట్లోనూ అదే రోజు తెచ్చిన పురుగులున్నాయి, ఆమె కూడా అత్తా అనే పిలుస్తుంది, పొద్దున్నే అదే అడుగుతుంది. అదంతా సరే, సున్నం మాట మాత్రం అత్త మరిచిపోలేదు. "ఏమ్మా, మనవరాలి మీద సున్నం చల్లే అవ్వ మాదిరి కనపడతాండానా నీకు?" అని అడిగింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ మాటే చెప్పింది. విన్నవాళ్లందరూ సున్నం ఉందేమోనని పాపను పైనుంచి కిందికి చూసి నవ్వి పోయారు.

పురుగు ఆ సాయంత్రమే జరం నుంచి లేచింది. లేచిన పురుగు తినే తిండి చూస్తే నమ్మలేం. ఇంట్లో ఉన్న అందరూ ఆకు కోయాలి, మోయాలి, వేయాలి. మేము కూడా చిక్కబళ్లాపురం పోకుండా ఉండిపోయాం. కాళ్లూ చేతులూ కడుక్కుని నేను మొదటిసారి ఆ గడప దాటాను. లోపల పురుగులన్నీ ఒకేసారి ఆకు తింటుంటే వాన పడుతున్న చప్పుడు. పాప ఒక్కొక్క ఆకు తీసి, ఇది నీకు, ఇది నీకు అని పంచుతోంది.

నేను ఓడిపోయానని మా ఆయన అనలేదు. రెండో రోజు ఆకు మోస్తూ, "ఆఫీసులో సెలవు మాట ఇప్పుడే ఎత్తనులే. పాప పెద్దదయినాక చూస్తాము," అన్నాడు. మామూలుగా, నాకు బాధ కలగకుండా అన్నాడు. నేను సరేనన్నాను. గంప దించుకుని ఆకు చేతిలోకి తీసుకున్నాను. ఒక్క రోజు కూడా ఉండలేకపోయినదాన్ని ఏమని వాదించను?

అత్త పురుగులకు ఆకు వేస్తూనే విన్నది. తల ఎత్తకుండా కొడుకుతో మాట్లాడింది.

"చాకవేలి నుంచి గాబట్టి బస్సులో వచ్చింది. ఆ దేశాలనుంచి దేంట్లో వస్తాది? నేను పురుగు సంగతి చెప్తే ఇది విమానమెక్కి వాకిట్లో దిగుతాది. పిల్లను తీసుకొనే పోండి."

"నీళ్లు పడవు, తిండి పడదు అంటివి గదమ్మా," అన్నాడు మా ఆయన.

"పడకుంటే వాళ్లమ్మ ఉండాది గదరా. రాని జరానికే ఇంత దూరం వచ్చింది, వచ్చే జరాన్ని ముందే కనిపెట్టదా? ఈమెను పక్కన పెట్టుకొని భయపడేదేముండాది?"

అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఎంత సంతోషమైందంటే చేతిలో ఆకంతా ఒకేచోట వేసేశాను. మరుక్షణమే, పడవల్లో నాలుగేళ్ల పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఉంటాయా అన్న ఆలోచన వచ్చింది. మా ఆయన నా మొహం చూసి, ఏమీ అడగకుండానే, ఉంటాయి అన్నాడు.

అత్త నేను ఒకేచోట పోసిన ఆకును సర్దుతూ, "ఇంకొకటి," అంది. "ఆడినుంచి ఫోన్ చేస్తే ఎట్లుండాది అనొద్దు. ఎట్లుండారు అనల్ల. ఈడ మేమూ ఉంటాము, పురుగూ ఉంటాది. ఎవురి సంగతి చెప్పల్లో నాకు తెలియల్ల గదా."

సరే అత్తా అన్నాను. సరే అంటే సరిపోదు, అని చూపించమంది. చేతిలో ఖాళీ గంపతో, రెండడుగుల దూరంలో నిలబడి, "అత్తా, ఎట్లుండారు?" అన్నాను.

"బాగుండాము," అంది అత్త. "ఆకు చాల్లేదు. పో, ఇంకొక గంప తీసుకురా."