ఇనప పాడె మీద బతికున్న మనిషి

"నిన్నెవడన్నా చావబాదుతుంటే ఆ టీవీ అయ్యగారొచ్చి అడ్డం పడతాడంట్రా?"

కృపమ్మ దేవరాజును ఈ మాట అడిగింది కిరాణా కొట్టు ముందు, పదిమంది వింటుండగా. ఆమె ఊళ్లోని చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఊళ్లో ఎవరి మొహం మీదైనా ఏదైనా అనగలదు. దేవరాజు దాన్ని ప్రశ్నగా తీసుకోలేదు, శాపనార్థంగా తీసుకున్నాడు. బీడీకట్ట జేబులో వేసుకుని, "మీ గుళ్లో మీ నోళ్లకి అడ్డం పడేవాడే లేడు, ముందు అది చూసుకోండి" అని వెళ్లిపోయాడు.

దేవరాజు ముదినేపల్లి అవతల కొల్లేటి వైపు చేపల చెరువుల మీద కాపలా మనిషి. నలభై దాటాయి. సాధువేం కాదు. చిన్నప్పుడు తండ్రి పలుపుతాడుతో కొట్టేవాడు. వయసొచ్చాక వలలు లాగే ముఠాలో మేస్త్రీ కొట్టేవాడు. కాపలాకు కుదిరాక కొట్టే వంతు తనకొచ్చింది. చేపలు దొంగిలించడానికి దిగిన ఒకడి వేళ్లు గట్టు మీద పరిచి గడ్డపలుగుతో చితక్కొట్టాడు. ఆ మనిషి ఇప్పటికీ ఆ చేత్తో అన్నం కలుపుకోలేడు. యజమాని పాపారావు మెచ్చుకుని కొత్త టార్చిలైటు కొనిచ్చాడు. ఆ చెరువుల మీద కొట్టించేవాడు యజమాని, కొట్టేవాడు కాపలాదారు, తినేవాడు దొంగ. ఈ వంతులు మారవచ్చన్న సంగతి దేవరాజుకు తట్టలేదు.

సంఘంతో అతనికి చెడింది కోతపండుగ వేలంలో. ఆ రోజు విశ్వాసులు తెచ్చిన కూరగాయలూ కోళ్లూ ధాన్యమూ గుళ్లోనే పాట పెడతారు. వచ్చిన డబ్బు సంఘానికి. పది రూపాయల సొరకాయను వందకు పాడుకోవడం భక్తి అంటారు గానీ అందులో సగం పౌరుషమే. దేవరాజు తన పెరట్లో కాసిన గుమ్మడికాయను తనే దక్కించుకోవాలని పాడాడు. వరసకు బావమరిది, ట్రాక్టరు నడిపే చంటి దాని మీద పైపాట పాడుకుంటూ పోయి, చివరికి, "బావా, నీ జీతమెంతో మాకు తెలీదా, మెల్లిగా పాడు" అన్నాడు. గుడంతా నవ్వింది. పాస్టరుగారూ నవ్వారు. దేవరాజు లేచి చంటి చెంప పగలగొట్టాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అప్పట్నుంచి గుళ్లో ఇవ్వాల్సిన అతని దశమభాగం, అంటే జీతంలో పదో వంతు, ఫోన్లోంచి ఒక టీవీ ప్రసంగీకుడి ఖాతాకు వెళ్లేది. పేరు పెట్టి ఆశీర్వదించే మెసేజీ తిరిగొచ్చేది. ఆయన బాగా చెబుతాడు, అది ఒప్పుకోవాలి. పైగా ఎవర్నీ చూసి నవ్వడు. వానాకాలం గట్ల మీద ఆటో కూడా తిరగదు కాబట్టి, నలుగురు భుజాన మోయడానికి సంఘంవాళ్లు వెల్డింగు షాపులో ఇనప పాడె చేయించుకున్నారు. చందాకు వస్తే దేవరాజు, "నేనింకా చావలేదు" అని తలుపేసుకున్నాడు.

ఆ వానల్లోనే ఒక ఆదివారం తెల్లారేసరికి పాపారావు చెరువులో చేప మొత్తం తేలిపోయింది. ముసురు పట్టినప్పుడు కరెంటు పోయి నీళ్లు చిలికే మోటార్లు ఆగితే, గాలి చాలక చేప చస్తుంది. కొల్లేట్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. పాపారావుకూ తెలుసు. కానీ కరెంటును కట్టేసి కొట్టలేరు కదా. పక్క చెరువువాళ్ల దగ్గర డబ్బు తిని మందు కలిపావంటూ అతని మనుషులు ముగ్గురు దేవరాజును మోటారు షెడ్డు స్తంభానికి కట్టేశారు.

మొదట చేతులతో కొట్టారు. తర్వాత తడిపిన వలతాడుతో. ఒప్పుకోకపోయేసరికి ఒకడు పడవ నడిపే గెడ తెచ్చాడు. ఎడమ మోచేయి మొదటి దెబ్బకే విరిగింది. ఆ చప్పుడుకు కొట్టినవాడే కాస్త ఆగాడని దేవరాజు చెబుతాడు. పక్కనే నిలబడ్డ పాపారావు ఆగమనలేదు. పళ్లు రాలాయి, పక్కటెముకల మీద తన్నారు. ఒప్పుకుంటానన్నాడు. అయితే ఏం మందో చెప్పమన్నారు. కలపని మందుకు పేరు చెప్పలేక మళ్లీ తిన్నాడు. తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో అతనికి ముందే తెలిసేదట. ఆ ముగ్గురికీ కొట్టడం నేర్పింది తనే.

టిఫిను క్యారేజీ తెచ్చిన భార్య సరోజ దూరం నుంచే చూసింది. గట్టు కింద నక్కి పోలీసులకు ఫోన్ చేస్తే బండి బయల్దేరుతుందన్నారు. ఆ బురదలో బండి ఎప్పటికొస్తుందో ఆమెకు తెలుసు. ఇక ఆమెకు నోటికొచ్చిన నంబరు టీవీవాళ్ల ప్రార్థన నంబరు. ఎత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది: "అనారోగ్యం గురించాండీ, అప్పుల గురించాండీ?"

"చంపేత్తున్నారండీ."

ఆ అమ్మాయి పేరూ ఊరూ రాసుకుని, ప్రార్థనలో పెడతామంది.

సరోజ బురద చీరతో గుళ్లోకి పరుగెత్తేసరికి క్షమాపణ మీద ప్రసంగం నడుస్తోంది. విషయం విని పాస్టరుగారు కళ్లు మూసుకోబోతే కృపమ్మ లేచింది. "ప్రార్థన నడుత్తా చేద్దారి, పదండి అయ్యగారూ." అందరూ చంటి వైపు చూశారు. చంటి వెనక గదిలోంచి పాడె బయటికి లాగాడు. దెబ్బలు తిన్న మనిషిని ఆ గట్టు మీద మోసుకురావడానికి ఊళ్లో ఉన్నది అదొక్కటే.

ఆదివారం కాబట్టి అందరివీ తెల్లబట్టలే. పాడె భుజానికెత్తితే ఆ నోళ్లకు అలవాటైన పాట ఒక్కటే, సమాధుల తోటకు వెళ్లేటప్పుడు పాడేది. భయానికి అదే ఎత్తుకున్నారు.

షెడ్డు దగ్గరివాళ్లకు కనిపించింది గట్టు మీద తెల్లటి గుంపు, ముందు పాడె. వినిపించింది చావుపాట. దేవరాజు అప్పటికి స్పృహ తప్పి తాళ్లకు వేలాడుతున్నాడు. గెడ పట్టుకున్నవాడు పాపారావును అడిగాడు: "ఏవండీ, పోయాడాండీ? మనకన్నా ముందు వీళ్లకెలా తెలిసిందండీ?"

పాపారావుకు దేవరాజు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే ధైర్యం కూడా లేకపోయింది. గెడవాడూ ఇంకొకడూ చెరువులో దూకి, చచ్చిన చేపల మధ్య ఈదుకుంటూ పోయారు.

దొరికిన మూడోవాణ్ని గుంపు వదల్లేదు. క్షమాపణ ప్రసంగం సగంలో ఆపి వచ్చినవాళ్లు వాణ్ని బురదలో పడేసి తొక్కారు. వాడి దవడ విరిగింది. చంటి పాపారావు మెడ పట్టుకుని నీళ్లలో ముంచుతుంటే కృపమ్మ చొక్కా పట్టి వెనక్కి లాగింది. "చాల్లేరా, మనకి పాడె ఒకటే ఉంది."

సంఘాన్ని ఎందుకు పోషించాలంటే అది ప్రేమగల కుటుంబం కాబట్టి అని ప్రసంగాల్లో చెబుతారు. ఆ గుళ్లో ప్రేమకన్నా ఎగతాళి ఎక్కువ, ఆ ఆదివారం ప్రేమకన్నా కోపం ఎక్కువ. అసలు కారణం మొరటుది. నడిచి రాగలిగినంత దూరంలో, పిలిస్తే లేచేట్టు, కొంతమంది ఒకచోట కూర్చుని ఉండాలి. వాళ్లకో కప్పు, ఒక పాడె ఉండాలి. ఇవి ఆశీర్వాదంతో పుట్టవు. అక్కడివాళ్లు అక్కడ డబ్బు వేస్తేనే ఉంటాయి. టీవీ అయ్యగారు మంచివాడే అనుకున్నా, ఆయన కాళ్లు ఆ గట్టు మీద లేవు.

దేవరాజు ఏలూరు ఆసుపత్రిలో బతికాడు. ఎడమ చెయ్యి వంగదు. ఆసుపత్రికి కట్టింది గుడి స్లాబు కోసం సంఘం దాచిన డబ్బు. స్లాబు ఆగింది, వాన పడితే ఆరాధనలో గొడుగులు తెరుస్తారు. దేవరాజు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తాడు, దశమభాగం గుళ్లో కానుకల పళ్లెంలోనే వేస్తాడు. చంటితో మాత్రం మాటల్లేవు. "మోసినందుకు దణ్ణం పెడతాను. నవ్వినందుకు పెట్టను" అంటాడు.

దవడ విరిగినవాడి తరఫునా కేసు పడేట్టుండటంతో పెద్దమనుషులు రాజీకి కూర్చోబెట్టారు. పాస్టరుగారు దేవరాజును పక్కకు పిలిచి, డబ్బు మాట లేకుండా క్షమించడం మంచిదన్నారు.

"క్షమిత్తానండీ. నా చెయ్యి నాది, వదిలేత్తాను. స్లాబు డబ్బు నాది కాదు కదండీ, దాన్నెలా వదిలెయ్యను?"

ఆ మాట మీదే కూర్చున్నాడు, ఎవరెంత చెప్పినా లేవలేదు. చివరికి పాపారావు సంఘానికి లక్ష రూపాయలు కట్టడానికి ఒప్పుకున్నాడు. నలభై వేలు కట్టాడు. మిగతా అరవై వేలు ఇంకా బాకీ.