ఐరన్ గోలీల డబ్బాలో దాచిన మందు

పాపకు మూడో నెలలో అత్తగారింటికి వచ్చాను. కోదాడ పక్కన చిలుకూరు దగ్గర వాళ్ల ఊరు. వారం తిరగలేదు, పాపను ఎత్తుకుని వాకిట్లో నిలబడ్డాను. నీళ్లు పట్టడానికి సంపు మూత తీసి ఉంది. ఇందులో వదిలేస్తే, అనిపించింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఊరికే అనిపించింది. పాపను మంచం మీద పడుకోబెట్టి, చాలాసేపు మళ్లీ ముట్టుకోలేదు.

తర్వాత కూరగాయల కత్తి చూసినా అదే ఆలోచన. పాలిచ్చేటప్పుడు తప్ప పాపను ఎత్తుకునేదాన్ని కాదు.

"బీటెక్ సదివిన్నంటివి. పిల్లను ఎత్తుకునుడు నేర్పలేదా గాడ?" అనేది అత్తమ్మ.

ఊళ్లో ఆర్ఎంపీ వీక్‌నెస్ అని సెలైన్లు ఎక్కించాడు. చివరికి మా ఆయనకు చెప్పాను. రెండు బస్సులు మారి సూర్యాపేటలో సైకియాట్రీ ఓపీకి వెళ్లాం.

"పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్. కాన్పు తర్వాత కొందరికి వస్తుంది. ఈ ఆలోచనలు జబ్బువి, నీవి కావు" అన్నారు డాక్టర్ మేడం. "ఈ మందు వేసుకుంటూ పాలు ఇవ్వొచ్చు. నన్నడగకుండా ఆపొద్దు. ఇంట్లో చెప్పారా?"

"చెప్తం మేడం" అన్నాడు మా ఆయన.

చెప్పలేదు. ఆయన వడ్ల లారీ తోలుతాడు. "కోదాడల కొంటే రేపటికల్ల ఊరంత తెలుస్తది" అని, మిల్లుకు వెళ్లినప్పుడు మిర్యాలగూడలో కొనుక్కొచ్చేవాడు. నేను స్ట్రిప్పులోంచి తీసి ఐరన్ గోలీల డబ్బాలో పోసేదాన్ని. ఆ ఆలోచన నాదే.

ఆరు వారాల్లో తేడా తెలిసింది. పాపకు నేనే స్నానం పోశాను.

అప్పుడే పాపకు మోషన్స్ పట్టాయి. అత్తమ్మ డబ్బా తీసి పొయ్యిలో గుమ్మరించింది. "నీ గోలీల వేడే పాలల్లకు దిగింది. ఇగ బంద్ పెట్టు." నేను పక్కనే నిలబడి చూశాను. నోరు తెరిస్తే అవేం గోలీలో చెప్పాలి.

మందు పోయిందని మా ఆయనకు ఫోన్ చేశాను. కోతల సీజను, మిల్లు ముందు లారీల వరుస. "జర ఓపిక పట్టు, రేపొస్త" అన్నాడు. మర్నాడూ, ఆ తర్వాతా అదే మాట.

మందు ఆగిన పన్నెండో రోజు ఇంట్లో నేను, పాప మాత్రమే ఉన్నాం. ఆలోచన మళ్లీ వచ్చింది, ఈసారి ఆగకుండా. నా నుంచి కాపాడాలని పాపను గదిలో మంచం మీద పడుకోబెట్టి బయట గొళ్లెం పెట్టాను. గడప మీద చెవులు మూసుకుని కూర్చున్నాను. లోపల ఏడ్చింది, ఏడ్చింది, ఆగిపోయింది.

అత్తమ్మ పొలం నుంచి వచ్చి తలుపు తీసింది. పాప మంచం మీంచి కింద పడి ఉంది. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

"కన్నతల్లివేనా నువ్వు?" అంది అత్తమ్మ.

అప్పుడు అన్నీ చెప్పాను. ఆమె విని, "ముందే చెప్తే పుట్టింటికి తోలుతుంటి. చెప్పకపోతివి, గిట్లయింది" అంది.

మేడం మళ్లీ మందులు మొదలుపెట్టారు. "ఎవరు ఆపమన్నారమ్మా?" అంటే జరిగింది చెప్పాను. "పాపను తల్లి దగ్గరే ఉంచండి. పక్కన ఒకరు ఉంటే చాలు" అన్నారు.

మిర్యాలగూడలో ఉండే మా ఆడబిడ్డ ఒప్పుకోలేదు. "డాక్టరమ్మకేంది, రాసిచ్చి పోతది. కుట్లు పడ్డది మా పిల్లకు." పాపను తీసుకెళ్లిపోయింది. నా పాలు పది రోజులు బాత్‌రూమ్‌లో పిండి పారబోశాను.

ఇప్పుడు పాపకు రెండేళ్లు దాటాయి. నేను బాగున్నానని మేడం కాగితం మీద రాసిచ్చారు. దాన్ని మా ఇంట్లో ఎవరూ చదవలేదు. ఆదివారాలు మిర్యాలగూడ వెళ్తాను. మొన్న గేటు తీయగానే పాప లోపలికి పరుగెత్తింది. "అమ్మా, అత్తొచ్చింది!"

మీకు ఇలాంటిది వస్తే, మొదటి రోజే డాక్టర్ దగ్గరికి భర్తతో పాటు, మీ చేతుల్లోంచి బిడ్డను తీసుకోగల మనిషిని, అత్తనో ఆడబిడ్డనో, కూడా తీసుకెళ్లండి. జబ్బు పేరు, మందు పేరు డాక్టర్ నోటితోనే ఆమెకు చెప్పించండి. ఇంటికొచ్చాక తిడతారు. తిట్టనివ్వండి, మందు మాత్రం ఆపకండి.